రెండు సెకన్ల పలుకు, పది నిమిషాల రచన: ఒక మోహన రాగ కేస్ స్టడీ

విజయనగరంలో నా దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్న ఒక యువకుడు తాను కట్టిన ఎనిమిది మాత్రల పలుకును, అంటే చిన్న స్వర వాక్యాన్ని, పది నిమిషాల వాద్య రచనగా పెంచిన తీరును ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ పనికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాల్లో రెండు ముసాయిదాలు పూర్తిగా పనికిరాకుండా పోయాయి. ఒకటి అతనిది, రెండోది నాది. నిలిచిన మూడో ముసాయిదా కంటే ఆ రెండూ ఎందుకు పడిపోయాయన్నదే సంగీతం కట్టేవారికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం, అందువల్ల వాటిని దాచకుండా రాస్తున్నాను.

అవసరం ఇలా వచ్చింది. పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లో వేసే ఒక ప్రదర్శన కోసం, ఊళ్లో కూచిపూడి నేర్పే ఒక టీచరు గారు ఊరేగింపు ఘట్టానికి సాహిత్యం లేని వాద్య రచన కావాలని అడిగారు. పన్నెండుమంది పిల్లలు దీపాలతో నడిచి వచ్చి, వేదిక మీద కలిసి, విడిపోయి, మళ్లీ కలవాలి. దానికి పది నిమిషాలు కావాలి. అప్పటికే ఈ యువకుడు క్లాసు అయిన తరువాత ఒక చిన్న ముక్కను పదే పదే వాయించుకోవడం నేను వింటున్నాను. తన ఊరి జాతరలో తప్పెటగుళ్ల (ఉత్తరాంధ్ర జానపద నృత్యం) వాళ్లు వేసిన ఒక అడుగు మనసులో ఉండిపోయిందనీ, దానికి స్వరాలు తగిలించాననీ చెప్పాడు. దాన్నే పెంచమన్నాను. "నాలుగుసార్లు వాయించేసరికి అయిపోతంది మాస్టారూ. ఆ తరవాత ఏటి చెయ్యాలో తెలీట్లేదండి" అన్నాడు.

ఆ పలుకు ఇది, స రి గ ప ధ అనే ఐదు స్వరాల మోహన రాగంలో:

గ ప గ రీ , స ,

మొదటి మూడు స్వరాలు ఒక్కో మాత్ర (కాలపు చిన్న కొలత). రిషభం (రి) మూడు మాత్రలు నిలుస్తుంది. షడ్జం (స) రెండు మాత్రలు. మూడు, మూడు, రెండు కలిపి ఎనిమిది. ఆది తాళంలో అక్షరానికి (తాళపు ఒక్కో లెక్కకు) నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ముప్ఫై రెండు మాత్రలు కనుక, ఈ పలుకు ఆవర్తనంలో సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. నిమిషానికి 60 అక్షరాల లయలో పలుకు నిడివి రెండు సెకన్లు, ఆవర్తనం నిడివి ఎనిమిది సెకన్లు. పది నిమిషాలంటే 75 ఆవర్తనాలు, అంటే ఈ పలుకుకు 300 రెట్లు. ఈ లెక్కను మొదటి రోజే బోర్డు మీద రాసి చూపించాను. కొంత భయపెట్టడానికే అలా చేశానని ఒప్పుకుంటాను.

మొదటి ముసాయిదా

వారం తిరిగేసరికి అతను ఆరు పేజీలు రాసుకుని వచ్చాడు. చేసిందల్లా ఒక్కటే, కానీ చాలా శ్రద్ధగా చేశాడు. పలుకు ఆకారాన్ని అలాగే ఉంచి, రాగంలో ఒక్కో మెట్టు పైకి జరిపాడు. గ ప గ రీ, స, అన్నది ప ధ ప గా, రి, అయింది. తరువాత ధ స ధ పా, గ, అయింది. ఆపైన తారస్థాయికి (పై స్థాయికి) వెళ్లి, అదే దారిలో దిగింది. రాత మీద అందంగా ఉంది. వాయిస్తే రెండో నిమిషానికే అలంకారాల (స్వర సాధన వరుసల) పాఠంలా వినిపించింది. నాలుగో మెట్టు వచ్చేసరికి ఐదో మెట్టు ఏమిటో వినేవారికి ముందే తెలిసిపోతోంది.

ఇందులో లోపం విసుగు మాత్రమే అయితే అలంకరణతో కప్పిపుచ్చవచ్చు. అసలు లోపం వేరే ఉందని నాకు అనిపించింది గానీ, అది ఏమిటో వెంటనే పట్టుకోలేకపోయాను. అందుకని ఒక పరీక్ష పెట్టాం. క్లాసులో ఉన్న చిన్నపిల్లలను వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, అసలు పలుకును నాలుగైదుసార్లు వినిపించి, ఆ తరువాత ఒక్కో అంశాన్ని మారుస్తూ వాయించాం. ఇది అదే పాట అనిపిస్తే చెయ్యెత్తమన్నాం. మొదటి మూడు స్వరాలను గ గ గ అని చదును చేసినా చేతులు లేచాయి. చివరి షడ్జం బదులు మంద్ర ధైవతానికి (కింది స్థాయి ధ) దిగినా లేచాయి. మొదటి మూడింటినీ ప ధ ప చేసి, రిషభం మీదే ఆగినా లేచాయి. నిలుపును రిషభం నుంచి గాంధారానికి (గ) మార్చగానే చేతులు దిగిపోయాయి. రిషభం మీదే ఉంచి, మూడు మాత్రలను ఒక మాత్రకు కుదించినప్పుడు కూడా అంతే.

కారణం వెతకడం ఆ తరువాత సులువైంది. మోహనంలో గాంధారం, పంచమం (ప), ధైవతం మీద ఆగితే చెవికి నిశ్చింత. అక్కడ ఎంతసేపైనా ఉండవచ్చు. రిషభం మీద మూడు మాత్రలు ఆగితే, పక్కనే ఉన్న షడ్జం కోసం చెవి ఎదురుచూస్తుంది. పైగా ఆ రిషభం అక్షరం మీద మొదలుకాదు. మొదటి అక్షరంలోని నాలుగో మాత్ర మీద మొదలై, రెండో అక్షరపు దెబ్బను దాటుకుని వెళుతుంది. స్వరమూ దిగలేదు, దెబ్బ కూడా దాటిపోయింది. ఈ రెండు విధాల వేలాడడమే ఆ పలుకు ప్రాణం. మెట్లు ఎక్కించినప్పుడు ఆకారం మిగిలింది, నిలుపు మాత్రం గాంధారం మీదకూ, పంచమం మీదకూ పోయి హాయిగా కూర్చుంది. ఆరు పేజీల్లో ఆ పలుకు ఉన్నది మొదటి గీతలో మాత్రమే.

సంగతుల దారి

నిలుపు కదలకూడదని తేలాక, కృతుల్లోని సంగతుల (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రూపాల) పద్ధతే మాకు నమూనా అయింది. సంగతుల్లో సాహిత్యమూ, ఎత్తుగడ స్థానమూ స్థిరంగా ఉంటాయి. వాటి మధ్య స్వర సంచారం క్రమంగా పెరుగుతుంది. సాహిత్యం లేని మా రచనలో ఆ స్థిరత్వం రిషభానిది. రిషభానికి ముందున్న మూడు మాత్రలను ఒక వరుసలోనూ, తరువాతి రెండు మాత్రలను ఇంకొక వరుసలోనూ మార్చాం గానీ, ఒకే సంగతిలో రెండు వైపులా మార్చలేదు. గ ప గ నుంచి ప ధ ప, అక్కడి నుంచి ధ ప గ. మరో వైపు షడ్జం బదులు మంద్ర ధైవతం, ఆ తరువాత మంద్ర పంచమం. ఇలా పదహారు ఆవర్తనాలు నడిచాయి. చివరి సంగతిలో మాత్రం రిషభం రావలసిన చోట పంచమాన్ని పెట్టి, అక్కడి నుంచి తార షడ్జానికి ఎగిరించాం. పదిహేను ఆవర్తనాలు ఒకే స్వరం మీద ఆగిన తరువాత వచ్చింది కనుక ఆ ఒక్క మార్పు పెద్ద సంఘటనలా వినిపించింది. ఎనిమిదో ఆవర్తనంలోనే అది వాడేద్దామని శిష్యుడు రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను.

రచన ఆరంభాన్ని అతనే కనిపెట్టాడు, ఇందులో నా ప్రమేయం లేదు. పలుకును నాలుగు రెట్లు నిదానం చేస్తే ఎనిమిది మాత్రలు ముప్ఫై రెండై, సరిగ్గా ఒక ఆవర్తనాన్ని నింపుతాయి. అప్పుడు గ, ప, గ మూడూ లఘువులోని (తాళంలో మొదటి నాలుగు అక్షరాల భాగం) మొదటి మూడు అక్షరాలు తీసుకుంటాయి. రిషభం లఘువులోని చివరి వేలి లెక్క మీద మొదలై, మొదటి ద్రుతం (తరువాతి రెండు అక్షరాలు) అంతా సాగుతుంది. షడ్జం రెండో ద్రుతపు దెబ్బ మీద దిగుతుంది. చిన్న పలుకులో రిషభం అక్షరపు చివరి పాతికలో మొదలై తరువాతి అక్షరంలోకి దాటినట్లే, ఇక్కడ లఘువు చివరి పాతికలో మొదలై ద్రుతంలోకి దాటుతోంది. అంటే స్వరాలతో పాటు వేలాడే స్థానం కూడా చెక్కుచెదరలేదు. మొదటి ఎనిమిది ఆవర్తనాలూ ఈ నిదానపు రూపంతోనే నడిపించాం. అసలు వేగంలో పలుకు వినిపించేది తొమ్మిదో ఆవర్తనంలోనే.

ఆ ఎనిమిది ఆవర్తనాలకు వయొలిన్ కమాను కష్టపడింది. మూడు సెకన్ల రిషభం ఒకే కమానులో, వణుకు లేకుండా రావాలి. ద్వారం వేంకటస్వామినాయుడు గారు 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తరువాత అధ్యక్షులైన సంగీత కళాశాల ఉన్న ఊరిది. ఇక్కడ వెనక వరుసలో కూర్చున్న పెద్దాయనకు కూడా కమాను ఎక్కడ మారిందో తెలిసిపోతుంది. శిష్యుడి చేత రోజూ అరగంట తెరిచిన తీగల మీద నిదానపు కమాను సాధన మాత్రమే చేయించాను.

నా తప్పు

ఇంతవరకు అయినది ఐదు నిమిషాల లోపే. నడుమ ఒక పెద్ద మలుపు కావాలి, నాట్యంలో పిల్లలు విడిపోయే ఘట్టం అదే. గ్రహభేదం (రాగంలోని వేరొక స్వరాన్ని షడ్జంగా తీసుకుని మరో రాగం రాబట్టడం) చేద్దామని నేనే ప్రతిపాదించాను. మోహనంలోని గాంధారాన్ని షడ్జంగా తీసుకుంటే హిందోళం వస్తుంది. మన పలుకు స గ స నీ, ధ, అవుతుంది. హిందోళం నాకు ఇష్టమైన రాగం. నిజానికి ఆ ఎంపిక వెనక ఇంతకు మించిన ఆలోచన లేదు, ఫలితమూ అందుకు తగ్గట్టే వచ్చింది.

శ్రుతి మోగించే తంబురా పెట్టె పాత షడ్జ పంచమాలనే పలుకుతుంటే ఎవరికీ హిందోళం వినిపించలేదు. మోహనాన్ని గాంధారం దగ్గర తిప్పుతున్నట్లే ఉంది. శ్రుతిని మారుద్దామంటే హిందోళంలో పంచమమే లేదు. కొత్త షడ్జానికి ఐదో స్వరాన్ని తోడుగా మోగిస్తే అది మోహనంలో లేని నిషాదం (ని) అవుతుంది. పంచమం బదులు మధ్యమం (మ) తోడుగా మోగే మధ్యమ శ్రుతి పెట్టి చూశాం. అప్పుడు మృదంగం అడ్డం వచ్చింది. పాత షడ్జానికి కట్టిన వలంతల (మృదంగం కుడి వైపు) ప్రతి దెబ్బకూ కొత్త రాగంలో శుద్ధ ధైవతాన్ని మోగిస్తూ, రాగాన్ని నిలబడనివ్వలేదు. పది రోజులు దీనితో కుస్తీ పట్టాం.

పదకొండో రోజున శిష్యుడు ఒక ప్రశ్న అడిగాడు: "ఆగేది రిషభం మీద కదా మాస్టారూ, మరి షడ్జం దాన్నే చెయ్యొచ్చు కదండీ?" నేను వెంటనే జవాబు చెప్పలేదు. ప్రాణం నిలుపులో ఉందని పరీక్ష పెట్టి మరీ తేల్చిన మనిషిని, మలుపు దగ్గరకు వచ్చేసరికి నా ఇష్టమైన రాగం వెంట పోయాను. మోహనంలోని రిషభాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి వస్తుంది. పలుకు రి మ రి సా, ని, అవుతుంది. అంతవరకు దిగడం కోసం ఎదురుచూసిన స్వరమే ఇల్లవుతుంది. ఇల్లనుకున్న షడ్జం కైశికి నిషాదమై వేలాడుతుంది. ఒక్క స్వరాన్నీ మార్చకుండా పలుకు అర్థం తలకిందులైంది. కొత్త షడ్జానికి పంచమం మోహనపు ధైవతమే కనుక శ్రుతికి తోడు కూడా దొరికింది.

అయినా పని పూర్తి కాలేదు. అప్పటి నుంచి రెండు వారాలు చిన్న చిన్న వాద్య సమస్యలతోనే గడిచాయి, వాటిలో మూడింటిని చెప్పాలి. మొదటిది వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కొయ్యతో చేసిన వీణ అది. వాయించే అమ్మాయి చిటికెన వేలు అలవాటు కొద్దీ తాళపు తీగల (లయ కోసం మీటే పక్క తీగల) మీదకు పోతోంది. అవి మూడూ పాత షడ్జ పంచమాలకు కట్టినవి. ఎంత చెప్పినా వేలు ఆగకపోవడంతో, ఆ భాగంలో వీణను పూర్తిగా ఆపేశాం. రెండోది మృదంగం. వలంతల ఇప్పుడు కైశికి నిషాదాన్ని పలుకుతుంది; రాగంలో ఉన్న స్వరమే అయినా ప్రతి దెబ్బకూ అదే పలికితే పాత ఇంటినే గుర్తు చేస్తుంది. లయ లేకుండా పిల్లలు నడవలేరు. శ్రుతి లేని తాళవాద్యం ఏముందా అని వెతుకుతుంటే అది పిల్లల కాళ్లకే ఉంది. తప్పెటగుళ్లలోనూ గుండె మీద కట్టిన రేకు తప్పెటతో పాటు లయను మోసేవి కాలి గజ్జెలే. మధ్యమావతి భాగం పదహారు ఆవర్తనాలూ పన్నెండు జతల గజ్జెలు మాత్రమే తాళం వేశాయి. శిష్యుడి పలుకు పుట్టిన చోటికే రచన ఆ విధంగా వెళ్లి వచ్చింది, కానీ అది మేం ముందుగా అనుకున్నది కాదు.

మూడోది అన్నిటికంటే మొండిది, గమకం (స్వరాన్ని కదిలించే తీరు). రెండో వయొలిన్ వాయించే పిల్లలు స్వరస్థానాలు సరిగ్గా వేస్తున్నారు, అయినా మధ్యమావతి రావడం లేదు. రిషభం దగ్గర మొదలుపెట్టిన మోహనంలాగే ఉంది. మోహనంలో గాంధారంగా దాదాపు నిటారుగా పలికిన స్వరం మధ్యమావతిలో రిషభం. దానికి కంపితం (ఊపు) కావాలి. మోహనంలో అచలంగా నిలిచిన షడ్జం ఇక్కడ నిషాదం. దానికీ కంపితం కావాలి. గ్రహభేదం స్వరస్థానాల లెక్కగా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. అవే వేళ్లకు, అవే చోట్ల, వేరే కదలిక నేర్పడానికి వారం పట్టింది.

మలుపు ఇలా వస్తుంది. మొదటి వయొలిన్ రిషభాన్ని ఒక పూర్తి ఆవర్తనం ఎనిమిది సెకన్లూ నిలుపుతుంది; దాని కింద రెండో వయొలిన్ ధైవతం పడుతుంది; ఆ తరువాతి రెండు ఆవర్తనాల్లో ఒకటి శ్రుతి (పాత షడ్జం) తంబురా పెట్టె తగ్గి, రెండు శ్రుతి (కొత్త షడ్జం) పెట్టె పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో పలుకు చివరి స్వరమైన నిషాదాన్ని నిలిపి, దాని కంపితాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి, అచలం చేస్తే అది మళ్లీ షడ్జమవుతుంది. వెళ్లేది పలుకు నడుమ స్వరం మీద, వచ్చేది చివరి స్వరం మీద.

ముగింపు కట్టడం

ఆ తరువాత పన్నెండు ఆవర్తనాల తిశ్రగతి (అక్షరానికి మూడు మాత్రల నడక), ఎనిమిది ఆవర్తనాల పునరాగమనం, చివర మూడు ఆవర్తనాల మకుటం (ముగింపు). మధ్యమావతికి ముందు ఉన్న పన్నెండు ఆవర్తనాల స్వర వినిమయం మామూలుదే, దాని గురించి చెప్పవలసింది లేదు.

మకుటాన్ని డమరు యతిలో, అంటే డమరుకంలా నడుమ సన్నబడే అమరికలో, కట్టాం. పూర్తి పలుకు ఎనిమిది మాత్రలు. తల తీసేస్తే మిగిలిన రీ, స, ఐదు మాత్రలు. అందులోనూ తల తీసేస్తే స, రెండు మాత్రలు. అక్కడ రెండు మాత్రల విరామం. మళ్లీ రెండు, ఐదు, ఎనిమిది. కూడితే ముప్ఫై రెండు, ఒక ఆవర్తనం. తోక నుంచి కోసి చూశాం గానీ, అప్పుడు షడ్జం మొదటి కోతలోనే పోయింది. తల నుంచి కోస్తే మాత్రం కడదాకా నిలుస్తుంది. తిరిగి పెరిగినప్పుడు చివరి పూర్తి పలుకు ఏడో అక్షరం మీద ఎత్తుకుంటుంది కనుక, రిషభం మళ్లీ అక్షరపు నాలుగో మాత్ర మీదే, తన పాత స్థానంలోనే మొదలవుతుంది. మూడుసార్లు వాయించి సమం (ఆవర్తనపు మొదటి దెబ్బ) మీద షడ్జంలో ముగించాం.

వేదిక మీద

ప్రదర్శనలో లయ 60 నుంచి దాదాపు 66కు పెరిగింది. 75 ఆవర్తనాలు తొమ్మిది నిమిషాల చిల్లరలోనే అయిపోయాయి, చివరి దీపం వెలిగించవలసిన అబ్బాయి ఇంకా తెర పక్కనే ఉన్నాడు. అది మా తప్పే. గజ్జెల భాగం నుంచి మృదంగం తిరిగి అందుకునేటప్పుడు లయను సరిచూసే మనిషిని పెట్టుకోలేదు. మధ్యమావతి మలుపు దగ్గర హాల్లో మాటలు ఆగిపోయాయి. వినేవారిలో రాగం పేరు తెలిసినవారు ఎందరో గానీ, ఏదో మారిందని మాత్రం అందరికీ తెలిసింది.

తిశ్రగతి భాగం పడిపోయింది. రిహార్సల్స్‌లో బాగున్నట్లే అనిపించిన ఆ పన్నెండు ఆవర్తనాలు వేదిక మీద ఎంతకీ తరగలేదు. రికార్డింగ్ విన్నాక కారణం దొరికింది. తిశ్రంలో ఆవర్తనానికి ఇరవై నాలుగు మాత్రలు, పలుకు మూడుసార్లు పడుతుంది. లెక్క ముచ్చటగా ఉందని అక్కడే ఆగిపోయాం. మొదటిసారి రిషభం సరిగ్గా రెండో అక్షరపు దెబ్బ మీద పడుతుంది. రెండోసారి నాలుగో అక్షరంలోని మూడో మాత్ర మీద. మూడోసారి ఏడో అక్షరంలోని రెండో మాత్ర మీద. స్వరం కదలలేదు, దాని చోటు మాత్రం మూడు విధాలుగా చెదిరింది. శిష్యుడు మొదటి ముసాయిదాలో స్వరస్థానం విషయంలో చేసిన పొరపాటునే నేను కాలం విషయంలో చేశాను, అదీ ఎనిమిదో వారంలో.

సవరించిన ప్రతిలో తిశ్రగతిని నాలుగు ఆవర్తనాలకు తగ్గించి, మృదంగానికి వదిలేశాం. వయొలిన్ ఆ నాలుగూ రిషభం మీదే ఉంటుంది. మిగిలిన ఎనిమిది ఆవర్తనాలను పునరాగమనానికి ఇచ్చాం.

ఇటీవల నాట్యం టీచరు గారు వేరే కార్యక్రమానికి ఐదు నిమిషాల ప్రతి అడిగారు. అన్ని భాగాలనూ సగం చేసి మొదట ప్రయత్నించాం. ఏ భాగమూ నోరు తెరవకముందే తరువాతిది వచ్చేసింది. స్వర వినిమయాన్నీ, తిశ్రాన్నీ మొత్తంగా తీసేసి, నిదానపు ఆరంభాన్ని నాలుగు ఆవర్తనాలకూ, సంగతులను ఎనిమిదికీ కుదించి, పునరాగమనం ఎనిమిది, మకుటం మూడు ఉంచాను. మధ్యమావతి పదహారు ఆవర్తనాల్లో తగ్గించింది రెండే. మొత్తం 37. ఐదు నిమిషాల రచనలో దాదాపు రెండు నిమిషాలు గజ్జెలేనా అని ఆవిడ అడిగారు. అవునన్నాను. ఇంకో నాలుగు తగ్గించమన్నారు, ఒప్పుకోలేదు.